మామ్మగారు నీళ్లెందుకు తాగడం లేదు?

చి. అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎంత బతిమాలినా నువ్వు చూసుకునే మామ్మగారు నీళ్లు ముట్టరనీ, "దాహం లేదే పిల్లా" అంటారనీ రాశావు. ఆవిడ అబద్ధమాడటం లేదు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయినా దాహం వేయకపోవడమే ముసలితనంలోని చిక్కు. 1984లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లనూ, 67 నుంచి 75 ఏళ్ల మగవాళ్లనూ 24 గంటలు నీళ్లివ్వకుండా ఉంచారు. తర్వాత కావలసినన్ని తాగమంటే, పెద్దవాళ్లు దాహం అంతగా లేదన్నారు, తాగిందీ తక్కువే. వాళ్లయినా గట్టివాళ్లు. మీ మామ్మగారేమో కర్ర లేనిదే అడుగు వేయలేరు.

ఒంట్లో నీరు ఎక్కువగా నిలవుండేది కండలో. పడుచువాళ్ల బరువులో దాదాపు 60 శాతం నీరే. కండ కరిగాక అది 50 శాతానికి దగ్గర పడుతుంది. నీళ్లు చాలనప్పుడు మూత్రాన్ని చిక్కబరిచి ఆదా చేసే శక్తి కూడా కిడ్నీలకు వయసుతో తగ్గుతుంది. దానికి తోడు బీపీకో, కాళ్ల వాపుకో వేసుకునే నీరు తీసే మాత్ర ఒకటి.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు గ్లాసు వంకే చూస్తున్నావు, ఒకసారి బాత్‌రూమ్ వంక చూడు. చాలామంది ముసలమ్మలు లెక్క వేసుకునే నీళ్లు మానేస్తారు. తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే చీకట్లో గడప దాటాలి, లేదా నిద్రపోతున్న కోడల్ని లేపాలి. ఈలోగా చీర తడిస్తే సిగ్గు. కోడలు ఏమీ అనకపోయినా సరే, సాయంత్రం నాలుగు దాటాక చుక్క ముట్టనివాళ్లను ఎందరినో చూశాను. అలాంటివాళ్లకు "తాగండి, తాగండి" అని చెబితే "ఇప్పుడే తాగానమ్మా" అని నిన్ను పంపించేస్తారు. మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయించు, దారిలో చిన్న దీపం పెట్టించు. "రాత్రి ఎన్నిసార్లయినా నేను లేస్తాను" అని ఆవిడతో నువ్వే చెప్పు, చెప్పినట్టే లేవు. రోజుకు కావలసిన నీళ్లలో ఎక్కువ భాగం పొద్దుగూకే లోపే పట్టించు. నీరు తీసే మాత్ర సాయంత్రం వేస్తుంటే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడుగు. సొంతంగా మార్చకు.

నిండు స్టీలు గ్లాసు కీళ్లనొప్పుల చేతికి బరువు. పిడి ఉన్న కప్పులో సగమే పోసి, మాటిమాటికీ ఇవ్వు. ఐరోపా పోషకాహార నిపుణుల సంఘం లెక్కలో పెద్ద వయసు ఆడవాళ్లకు రోజుకు కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లకు 2 లీటర్ల పానీయాలు కావాలి. మన మే నెల ఎండకు అదీ చాలకపోవచ్చు. పల్చటి మజ్జిగ, జావ, చారు, టీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. టీ ఒంట్లో నీళ్లు లాగేస్తుందని ఇంటివాళ్లు మాన్పించారని రాశావు కదా, ఆవిడ ఇష్టంగా తాగే ఒక్కటీ పోగొట్టారన్నమాట! మళ్లీ పెట్టించు. అయితే గుండె బలహీనంగా ఉన్నా, డయాలిసిస్ మీద ఉన్నా ఈ లెక్కలేవీ పనికిరావు, డాక్టరు చెప్పిన కొలతే కొలత. కిడ్నీ జబ్బుంటే కొబ్బరినీళ్లు కూడా అడిగి ఇవ్వాలి, వాటిలో పొటాషియం ఎక్కువ. మింగేటప్పుడు పొలమారుతుంటే బలవంతాన పోయకు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒంట్లో నీళ్లు తగ్గాయో లేదో తెలియడానికి మీ శిక్షణ క్లాసులో చర్మం గిల్లి చూడమన్నారు కదా. అది పసిపిల్లలకు సరే. ముసలి చర్మం ఎలాగూ సాగే ఉంటుంది, నోరు మాత్రల వల్ల కూడా ఎండుతుంది. కచ్చితంగా తేల్చేది రక్తపరీక్షే. నువ్వు పట్టుకోవలసింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. నిన్న నిన్ను పేరుతో పిలిచినావిడ ఇవాళ ఎవరు నువ్వంటే, "మతిమరుపు ముదిరింది" అంటారు ఇంటివాళ్లు. మతిమరుపు ఒక్కరాత్రిలో ముదరదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమను. లేవగానే కళ్లు తిరిగితే మళ్లీ కూర్చోబెట్టు. ఆ తూలుడులోనే పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలు దెబ్బతినడం మెల్లగా వెనకాలే వస్తాయి. ఎండల్లో ఈ ముప్పు మన దగ్గరే అనుకోకు. 2003 ఆగస్టు వేడికి ఫ్రాన్సులో సుమారు 15,000 మంది పోయారు, చాలామంది ముసలివాళ్లే.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్లలో కలుపు. అట్టపెట్టెల్లో ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాలు వద్దు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాటి మీద ఆ పేరు వాడకూడదంది. విరేచనాలైన రోజున బీపీ, షుగరు మాత్రలు కూడా అలవాటు కొద్దీ వేసేయకు. ఒళ్లు ఎండిపోయినప్పుడు వాటిలో కొన్ని కిడ్నీలకు చేటు. ముందు డాక్టరుకు ఫోన్ చేసి, ఏవి వేయాలో, ఏవి ఆపాలో ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుని వెయ్యి.

మీ పెద్దమ్మ