సోంపు ప్యాకెట్లు

మొన్న పెడన నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. "అక్కా, మావాడి ప్యాంటు జేబుల్లో సోంపు ప్యాకెట్లు దొరుకుతున్నాయి. చిన్నప్పటి నుంచీ వాడికి సోంపంటే గిట్టదు" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నోటి వాసన దాచుకోవడానికేనని తనకి అర్థమైంది, నాకూ అర్థమైంది. చివరికి తనే, "ఎవరికీ చెప్పకక్కా, మా ఆయనక్కూడా తెలీదు" అంది.

ఆ చివరి మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే పని చేశాను.

నాలుగేళ్ళ కిందట అవనిగడ్డ వైపు మా చుట్టాలింట్లో పెళ్ళి. రాత్రి పన్నెండు దాటాక పందిరి వెనకాల మా చిన్నాడు గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. వాడికప్పుడు పదహారేళ్ళు. పోసిచ్చింది ఎవరో చెడు స్నేహితుడు కాదమ్మా, వాడికి వరసకి మావయ్య. "మగపిల్లాడు, బీరుకేమవుద్దక్కా, బీరు చలవ" అన్నాడు. ఆడవాళ్ళం నలుగురం చేరి నెత్తిన నీళ్ళు కుమ్మరించాం, బలవంతాన మజ్జిగ పట్టాం, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాం. ఎవరూ అడక్కముందే "రొయ్యలు పడలేదు" అని నేనే అందరికీ చెప్పుకొచ్చాను.

ఆ రాత్రి మేం చేసినవన్నీ తప్పులేనని తర్వాత డాక్టరుగారు చెప్పారు. మత్తులో ఉన్నవాణ్ణి వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకడ్డంపడి ప్రాణమే పోవచ్చు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ళు ఇవేవీ మత్తు దించవు. తాగింది అరగడానికి ఒంటికి పట్టే టైము పట్టాల్సిందే. పిలిచినా గిల్లినా పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్ళు చల్లబడి పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఊరికి తెలిసిపోతుందేమోనని ఆలోచించే సమయం కాదది.

ఈ చలవ మాట మనలో బాగా పాతుకుపోయింది. స్ట్రాంగు బీరు పెద్ద సీసా ఒకటి పూర్తిగా తాగితే లోపలికి పోయే ఆల్కహాలు ఇంచుమించు రెండు పెద్ద పెగ్గుల విస్కీతో సమానం. మన పొలం గట్ల మీద తాళ్ళకేం లోటు? వేసవిలో కల్లు కూడా చలవే అని పిల్లాడి చేతికి గ్లాసిస్తారు. తెల్లారుజామున దించిన తియ్యటి నీరా వేరు, పొద్దెక్కి పులిసిన కల్లు వేరు. పదహారేళ్ళ మెదడు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఇరవై అయిదు దాకా పెరుగుతుందంటారు. ఆగు, ఆలోచించు అని చెప్పే ముందుభాగమే అన్నిటికంటే ఆలస్యంగా ఎదుగుతుంది. ఎంత చిన్న వయసులో మొదలైతే అలవాటు అంత గట్టిగా పట్టుకునేది అందుకే.

మరి ఎలా కనిపెట్టాలి అంటారా? వాసన ఒక్కటే నమ్ముకోకండి. ఇంట్లోకి వస్తూనే ఎవరి మొహం చూడకుండా బాత్రూంలోకి వెళ్ళిపోవడం, స్ప్రే ఎక్కువ కొట్టుకోవడం, ఆదివారం పన్నెండింటి దాకా లేవకపోవడం, ట్యూషన్ ఫీజు రెండుసార్లు అడగడం, చిన్నప్పటి స్నేహితుడి పేరు ఎత్తితే విసుక్కోవడం. నాన్న సీసాలో మందు పల్చబడటం కూడా చూసుకోండి, నీళ్ళు కలిపి లెవలు సరిచేస్తారు. వీటిలో ఏదో ఒకటి కనపడితే అది వయసు చేష్ట కావచ్చు. నాలుగైదు కలిసి కొద్ది నెలల్లోనే మొదలైతే మాత్రం అడగాల్సిందే. ఆడపిల్లలున్న ఇళ్ళలో మనకు సంబంధం లేదనుకోవద్దు. వాళ్ళు ఇంకా జాగ్రత్తగా దాస్తారు.

డబ్బెక్కడిదని కూడా అనుకోవద్దు. 2024 అక్టోబరులో కొత్త షాపులొచ్చాక క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది. ఇరవై ఒకటి నిండనివాళ్ళకి అమ్మకూడదని చట్టముంది కానీ, సందు చివరి బెల్టుషాపువాడు వయసు అడుగుతాడా? పద్దెనిమిది నిండని పిల్లలకి మందు ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళదాకా కఠిన జైలు, లక్షదాకా జరిమానా ఉంటాయని బాలల న్యాయచట్టం చెబుతోంది. ఇచ్చినవాళ్ళు అంటే పెళ్ళి పందిట్లో పోసిచ్చే మావయ్య కూడానమ్మా. పెళ్ళికి వెళ్ళేముందే ఈ మాట చెప్పెయ్యండి. ఇప్పుడు నేను చెబుతున్నాను, ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు, మాడ్చుకోనివ్వండి. అలాగే మీ ఆయన తాగుతుంటే సోడాకీ చిప్స్‌కీ పిల్లాణ్ణి పంపకండి. ఆ పనితోనే వాడు తాగేవాళ్ళ వరసలో చేరతాడు.

దాచకుండా పైకి చెప్పడమంటే నాకు దూబగుంట గుర్తొస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో రాత్రిపూట అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్ళు వాచకంలో తాగుడు గురించిన సీతమ్మ కథ చదివి, ఇది మా ఇంటి కథే కదా అని పైకి అన్నారు. అంతకుముందు ఎవరి ఏడుపు వాళ్ళ వంటింట్లోనే ఉండేది. పైకి అన్నాక సారా పాకల మీదికి నడిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. మన నిమ్మకూరు రామారావుగారు 1994లో గెలిచి, 1995 జనవరిలో మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్ళకే అది సడలిపోయింది, ఆ బాధ వేరే. నాకు మనసులో నిలిచిపోయింది మాత్రం, ఆ తల్లులు దాచడం మానేసిన రోజు. మొగుళ్ళ తాగుడు మన అమ్మలు దాచారు, కొడుకుల తాగుడు మనం దాస్తున్నాం. "రొయ్యలు పడలేదు" అని నేను అన్నప్పుడు మావాడు కళ్ళు తెరిచి నావైపు చూశాడు. అమ్మ కాపాడుతుందిలే అన్న ధైర్యం ఆ చూపులో కనపడింది. తర్వాత ఆర్నెల్లు ఆ ధైర్యంతోనే తాగాడు.

నేను మాట్లాడింది ఆలస్యంగానే. ఒకరోజు పొద్దున, టిఫిన్ అయ్యాక, తిట్టకుండా అడిగాను. "తాగితే నీకేం బాగుంటుంది నాన్నా?" అని. మొదటి రోజు జవాబు లేదు. మూడో రోజు చెప్పాడు, కాలేజీలో ఫిజిక్స్ అర్థంకాక అందరిముందు తలదించుకుంటున్నానని, తాగితే ఆ సంగతి గుర్తురాదని. అప్పుడు వాళ్ళ నాన్నకి చెప్పాను. ఆయన కొట్టలేదు, ఇంట్లో సీసా తీసేశారు. 14416కి ఫోన్ చేశాం. టెలిమానస్ అది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ళు చెప్పినట్టే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం.

ఇంకొక్క సంగతి. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానేస్తారని పొడులూ బిళ్ళలూ అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకండి. కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికొస్తుంది. రోజూ తాగే పిల్లాడైతే ఒక్కసారిగా ఆపించడం కూడా డాక్టరుని అడిగే చెయ్యాలి, ఫిట్స్ రావచ్చు.

మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎక్కడున్నా, ఎంత రాత్రయినా ఫోన్ చేస్తే మేం వస్తాం, తెల్లారేదాకా ఒక్క ప్రశ్న అడగం. మొన్న కార్తీక పౌర్ణమికి స్నేహితులతో మంగినపూడి వెళ్ళాడు. రాత్రి పదిన్నరకి ఫోన్. "అమ్మా, ఇక్కడ వీళ్ళు మొదలెట్టారు. వచ్చి తీసుకెళ్తారా?" అన్నాడు. ఇద్దరం బండి తీశాం. బందరు దాకా దారంతా ఎవరూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక కాస్త అన్నంలో పెరుగు కలిపిచ్చాను. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు.