రోబో సరిగ్గా 90 డిగ్రీలు తిరగాలంటే

పాలకుర్తిలో మా పిల్లలు చేసిన రెండు చక్రాల రోబోకు మేము పెట్టిన మొదటి పరీక్ష చిన్నదే. నేల మీద సుద్దముక్కతో మీటరు చదరం గీశాము. రోబో నాలుగు మూలలూ తిరిగి బయలుదేరిన చోటికి రావాలి. ఉదయం వచ్చింది. మధ్యాహ్నం దారి తప్పింది. "సార్, ప్రోగ్రాం ఏమీ మార్చలేదు!" అన్నారు పిల్లలు. నిజమే, మారింది బ్యాటరీ.

మేము "ఇన్ని క్షణాలు తిరుగు" అని ఆజ్ఞ ఇచ్చాము. ఛార్జి తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, అంతే సమయంలో తక్కువ కోణం తిరుగుతుంది. మూలకు 5 డిగ్రీల తేడా వస్తే చదరం పూర్తయ్యేసరికి 20 డిగ్రీలు.

తరువాత చక్రాల తిరుగుడును కొలిచాము. మా రోబో చక్రాల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. ఉన్నచోటనే 90 డిగ్రీలు తిరగాలంటే ఒక చక్రం ముందుకు, మరొకటి వెనక్కు సుమారు 11.8 సెంటీమీటర్లు నడవాలి. ఇరుసుకు బిగించిన బిళ్లలోని 20 రంధ్రాలను ఎన్‌కోడర్ లెక్కిస్తుంది. చక్రం వ్యాసం 6.5 సెంటీమీటర్లు కనుక ఒక్క రంధ్రం తప్పితే దాదాపు 8 డిగ్రీల తేడా! పైగా దుమ్ములో చక్రం జారినా ఎన్‌కోడర్ దాన్ని నడకగానే లెక్కగడుతుంది.

అందుకే జైరోస్కోప్ సెన్సర్ అమర్చాము. అది రోబో సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చెబుతుంది. ఆ వేగాన్ని కాలంతో గుణించి, క్షణక్షణం కూడుతూ పోతే తిరిగిన కోణం తెలుస్తుంది. దీనికీ ఒక లోపముంది. కదలకుండా ఉన్నప్పుడు కూడా అది సెకనుకు అర డిగ్రీ చూపితే, నిమిషానికి 30 డిగ్రీల అబద్ధం పోగవుతుంది. కనుక ముందు రోబోను కదలకుండా ఉంచి, ఆ తప్పుడు అంకెల సగటు తీసి, ప్రతి కొలత నుంచి తీసివేయాలి. 70 డిగ్రీలు దాటగానే వేగం తగ్గించాలి, లేకుంటే ఊపులో 90 దాటిపోతుంది.

2023 ఆగస్టు 27న చంద్రుని మీద ప్రజ్ఞాన్ రోవర్‌కు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వ్యాసమున్న గుంత ఎదురైంది. ఇస్రో దాన్ని వచ్చిన దారినే వెనక్కు మళ్లించింది. అక్కడ మలుపు తప్పితే చేత్తో సరిదిద్దేవారు లేరు.

దాతలకు మా మనవి ఒక్కటే. బడికి రోబో కిట్ ఇచ్చేటప్పుడు కొలిచే సెన్సర్లు కూడా ఉన్నాయో లేదో చూడండి. బొమ్మ నడిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. తప్పిన కోణాన్ని కొలిచి, కారణం రాసి, మళ్లీ సరిదిద్దినప్పుడే చదువు మొదలవుతుంది.