విలన్‌కు ఏం కావాలి?
(కథలు, నాటికలు రాసే తమ్ముళ్ళకు ఒక పాఠం)



ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైన నేను ఇప్పుడు ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ కబురు పంపితే, క్లాసులో నేర్చుకున్నది రాయాలా, హాస్టల్లో నేర్చుకున్నది రాయాలా అని ఆలోచించాను. రెండూ కలిసే విషయం ఒకటి దొరికింది. అది విలన్ గురించి.

ఆదివారం టీవీ ముందు కూర్చుని మనం సూపర్ హీరోల కథలు చూస్తాం. హీరో ఎంత ఎత్తు ఎగిరాడు, ఎంతమందిని కొట్టాడు అని రాత్రి లైట్లు ఆర్పేదాకా మాట్లాడుకుంటాం. కానీ కొన్ని కథలు చూశాక ఏదో వెలితిగా ఉంటుంది. ఫైట్లన్నీ బాగానే ఉంటాయి, అయినా మనసుకు పట్టవు. ఆ వెలితి చాలాసార్లు హీరో దగ్గర కాదు, విలన్ దగ్గర ఉంటుంది. ఎలాగో చూద్దాం.

1. ముందు నా తప్పు చెబుతాను

పదో తరగతిలో హాస్టల్ డేకి నేనొక నాటిక రాశాను. విలన్ ఒక సాంచాల ఆసామి. మొదటి రంగంలో డబ్బాశతో కార్మికుల కూలి తగ్గిస్తాడు. రెండో రంగంలో కార్మికుడి కొడుకు ఫస్ట్ వచ్చాడని ఓర్వలేక చదువు మాన్పించబోతాడు. మూడో రంగంలో సాంచాల షెడ్డుకే నిప్పు పెడతాడు. హీరో లోపలికి దూకి అందరినీ కాపాడతాడు. చప్పట్లు మోగాయి. నేను పొంగిపోయాను.

సాంచాల మీద పనిచేసే మా బాపు ఆ రోజు పని మానుకుని వచ్చాడు. బస్టాండుకు నడుస్తూ మెల్లగా అన్నాడు: "నాటకం మంచిగున్నది బిడ్డా. గని ఆ ఆసామికి ఏం గావాల్నో నాకు సమజ్ కాలే. కూలి తగ్గిచ్చి పైసలు మిగిలిచ్చుకునెటోడు, తన షెడ్డుకు తనే అగ్గి పెట్టుకుంటడా?"

నా దగ్గర జవాబు లేదు. నిజం ఏమిటంటే, హీరో దూకడానికి నాకు ఒక మంట కావాలి. అందుకే ఆసామి చేతికి అగ్గిపెట్టె ఇచ్చాను. ఆ పని ఆసామికి అవసరం లేదు, నాకు అవసరం.

2. కోరిక చెదరని విలన్

1951లో వచ్చిన 'పాతాళభైరవి' గుర్తు తెచ్చుకోండి. దర్శకుడు కె.వి. రెడ్డి. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు నటించారు. మాంత్రికుడికి కావలసింది కోరిన కోర్కెలు తీర్చే ప్రతిమ. దానికి సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. అందుకే ఉజ్జయినికి వస్తాడు, అందుకే తోట రాముణ్ణి వెతికి పట్టుకుంటాడు, అందుకే అతనికి సాయం చేసేవాడిలా నటిస్తాడు. రాముడి చేతిలో తానే బలి అయిపోయి, శిష్యుడు బతికించాక కూడా మళ్ళీ ఆ ప్రతిమ కోసమే బయలుదేరతాడు. వాడు ఏ పని చేసినా "ఎందుకు?" అంటే జవాబు ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళయినా వాణ్ణి మనం మరచిపోలేదు.

3. కోరిక దారి తప్పిన విలన్

ఇప్పుడు మనందరం చూసిన 'హనుమాన్'. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2024 జనవరి 12న విడుదలైంది. తేజ సజ్జా చేసిన హనుమంతు మనవాడే అనిపిస్తాడు. విలన్ మైఖేల్‌గా వినయ్ రాయ్ చేశాడు. మైఖేల్ మొదలు చాలా కొత్తగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి వాడికి సూపర్ హీరో కావాలని పిచ్చి. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరని తన తల్లిదండ్రులనే చంపుకుంటాడు. విలన్ కావాలని కాదు, హీరో కావాలని పాపం చేసినవాడు! ఎంత మంచి ఆలోచన!

కానీ అంజనాద్రి చేరాక ఆ ఆలోచన పక్కకు పోతుంది. హనుమంతుకు శక్తినిచ్చే మణి కోసం మనుషుల ప్రాణాలు తీయడానికి కూడా వెనుకాడడు. జనం మెచ్చే హీరో కావలసినవాడు ఆ జనాన్నే తొక్కితే ఎవరికి హీరో అవుతాడు? ఈ ప్రశ్న వాడు ఒక్కసారైనా వేసుకోడు. "వాడికి జనాన్ని కాపాడాలని లేదు, హీరో అనిపించుకోవాలని మాత్రమే ఉంది" అని మనం సర్దిచెప్పుకోవచ్చు. ఆ మాట సినిమాయే ఒక్క సన్నివేశంలో గట్టిగా చూపిస్తే సరిపోయేది. చూపించలేదు కాబట్టి రెండో సగంలో మైఖేల్ మామూలు దొంగలా మిగిలాడు. సినిమా గెలిచింది హనుమంతు అమాయకత్వం వల్ల, చివర్లో ఆ ఆంజనేయుడి దర్శనం వల్ల.

4. ఒక్క ఎపిసోడ్‌లో విరిగిన విలన్

ఈ తప్పు మనవాళ్ళే చేస్తారనుకోకండి. కోట్లు ఖర్చుపెట్టే మార్వెల్ వాళ్ళూ చేశారు. 2021లో వచ్చిన 'ది ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్' ఆరు ఎపిసోడ్ల సీరియల్. కథ ఇది: లోకంలో సగం మంది మాయమైపోయి, ఐదేళ్ళకు తిరిగి వస్తారు. ఆ ఐదేళ్ళలో వేరే దేశాలకు పోయి బతుకుతున్నవాళ్ళను ఇప్పుడు వెళ్ళగొడుతుంటారు. వాళ్ళ తరఫున కార్లీ అనే అమ్మాయి తిరగబడుతుంది. శిబిరాల్లో ఉన్నవాళ్ళకు మందులు, సరుకులు చేరవేస్తుంది.

భివండి, సూరత్, దుబాయ్ పోయి వచ్చినవాళ్ళు లేని వాడ మన సిరిసిల్లలో ఉందా? "మీ ఊరికి మీరు పోండి" అనే మాట ఎలా తగులుతుందో మనకు తెలుసు. అందుకే కార్లీ మాట్లాడుతుంటే నాకు మా చిన్నాయన మాట్లాడుతున్నట్టే అనిపించింది.

ఏప్రిల్ 2న వచ్చిన మూడో ఎపిసోడ్‌లో ఆమె ఒక సరుకుల గోదాము దోచి, లోపల కట్టేసి ఉన్న మనుషులతో సహా దాన్ని పేల్చేస్తుంది. పక్కనున్న ఆమె మనిషే నిర్ఘాంతపోతాడు. సరుకులు అప్పటికే చేతికొచ్చాయి. చంపితే కొత్తగా ఒక్క కుటుంబానికీ నీడ దొరకదు. మరి ఎందుకు? కోపంతో అనుకుందామంటే, తర్వాతి ఎపిసోడ్‌లో ఫాల్కన్ మాటలు వింటూ మెత్తబడుతుంది. అంతలోనే అతని సోదరికి ఫోన్ చేసి భయపెడుతుంది. నాకు తోచిన జవాబు ఒకటే. ఆమె చెప్పేది మరీ న్యాయంగా ఉంది. చూసేవాళ్ళు ఆమె వైపు పోకుండా రాసినవాళ్ళు ఆమె చేతికి బాంబు ఇచ్చారు, నేను ఆసామికి అగ్గిపెట్టె ఇచ్చినట్టే.

నష్టం హీరోకే జరిగింది. కార్లీ అడిగిన ప్రశ్నకు ఫాల్కన్ జవాబు చెప్పవలసింది. ఆమె హంతకురాలు అయ్యాక పట్టుకుంటే చాలు అన్నట్టయింది. ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

5. రాసేముందు మూడు ప్రశ్నలు

(అ) విలన్‌కు ఏం కావాలి? ఒక్క వాక్యంలో రాయండి.
(ఆ) వాడు చేసే ప్రతి పని ఆ కోరికకు దగ్గర చేస్తుందా?
(ఇ) కోరిక మారితే, ఎందుకు మారిందో చూసేవాడికి కనబడిందా?

విలన్ మారకూడదని కాదు. మనుషులు మారతారు. కానీ మారిన మలుపు మనకు చూపించాలి.

6. కథ బయట కూడా

ఆ రోజు బస్సు వచ్చేలోపు మా బాపు ఇంకో మాట చెప్పాడు: "ఆసామికి గూడ సేటు మీటరుకు గింత అని లెక్క గడ్తడు. ఆడ తగ్గితే ఈడ తగ్గుతది." అప్పటిదాకా నాకు ఆసామి అంటే చెడ్డవాడు, అంతే. నూలు ఇచ్చే సేటు ఉన్నాడని, రేటు అక్కడ మొదలవుతుందని నా నాటికలో ఒక్క మాట లేదు. కూలి తగ్గించిన ఆసామి పని మంచిదైపోదు. కానీ కూలి కోసం అడగవలసి వస్తే ఎవరిని, ఏమని అడగాలో లెక్క తెలిసినవాడికే తెలుస్తుంది. షెడ్డుకు నిప్పు పెట్టే ఆసామిని రాసినన్నాళ్ళూ నాకు ఆ లెక్క తెలియలేదు.

తమ్ముళ్ళారా! వచ్చే వార్షికోత్సవానికి మీలో ఎవరైనా నాటిక రాస్తే, స్టేజీ ఎక్కించే ముందు ఇంటికి తీసుకుపోయి అమ్మకో బాపుకో చదివి వినిపించండి. "వాడు గట్లెందుకు జేసిండు?" అని వాళ్ళు అడిగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తిరిగి రాయవలసింది అక్కడే.

అభ్యాసం: మీరు ఈమధ్య చూసిన ఒక సూపర్ హీరో కథ తీసుకుని, విలన్ చేసిన ఐదు పనులు రాయండి. ఒక్కోదాని ఎదురుగా "ఎందుకు?" అని రాసి జవాబు నింపండి. ఖాళీగా మిగిలినచోట మీరే ఒక సన్నివేశం రాయండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తెలుగు), సిరిసిల్ల