ఆరు పౌనుల మూలధనము

కంప్యూటరు ఎంత గొప్ప యంత్రమైనను తనంత తాను ఏ పనియు చేయజాలదు. ఏ పని తరువాత ఏ పని చేయవలయునో దానికి వరుసగా ఆదేశములు వ్రాసి యీయవలెను. ఆ యాదేశముల కూర్పునకే ప్రోగ్రాము అని పేరు. తొలినాళ్లలో ప్రోగ్రాములు యంత్రముతోపాటు ఉచితముగా లభించుచుండెను. వానిని విక్రయించి జీవింపవచ్చునని తలచినవారు అరుదు. అట్టి కాలమున ఆ వ్యాపారమునకు పూనుకొన్న ధీరురాలు స్టెఫనీ షర్లీ.

ఆమె 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్ నగరమున జన్మించెను. తండ్రి యూదుడు. నాజీల దౌష్ట్యమునుండి బిడ్డలను కాపాడదలచి తల్లిదండ్రులు 1939లో ఐదేండ్ల యామెను, తొమ్మిదేండ్ల యక్కను వియన్నాలో రైలెక్కించి ఇంగ్లండునకు పంపిరి. అచ్చట పరాయి దంపతులు వారిని పెంచిరి. పెరిగి పెద్దదై ఆమె తపాలాశాఖ పరిశోధనాలయమున ఉద్యోగము చేయుచు, సాయంకాలములందు చదివి గణితమున పట్టము పొందెను. కాని ఉద్యోగములందు స్త్రీలకు పైమెట్లు అందనిచ్చువారు లేరైరి.

1962లో ఆమె ఆరు పౌనులతో, తన యింటి భోజనపు బల్లయే కార్యాలయముగా, 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' అను సంస్థను స్థాపించెను. బిడ్డలు కలిగి కొలువు మానిన విద్యావతులకు ఇంటనే పని కల్పించుట దాని యాశయము. వారు పెన్సిలుతో కాగితములపై ప్రోగ్రాములు వ్రాసి టపాలో పంపుచుండిరి. ఇంటి సందడి టెలిఫోనులో వినబడకుండుటకై షర్లీ టైపు యంత్రపు చప్పుడును టేపుపై పట్టి వినిపించెడిది.

పని కోరుచు ఆమె వ్రాసిన యుత్తరములకు బదులు రాకుండెను. భర్త సలహాపై 'స్టీవ్' అని సంతకము చేయగా పిలుపులు రాసాగెను! వచ్చినది స్త్రీ యని వారు గ్రహించునప్పటికి ఆమె గదిలో ప్రవేశించి యుండెడిది. కాంకార్డ్ విమానపు 'నల్లపెట్టె'కు ప్రోగ్రాములు వ్రాసినవారు ఈ స్త్రీలే. తొలి మూడువందల సిబ్బందిలో పురుషులు మువ్వురే. 1975లో స్త్రీపురుష వివక్షను నిషేధించు చట్టము రాగా, చిత్రముగా ఈ సంస్థయే పురుషులకు తలుపులు తెరువవలసి వచ్చెను.

షర్లీ సంస్థలో వాటాలను సిబ్బందికి పంచిపెట్టెను. వారిలో డెబ్బదిమంది కోటీశ్వరులైరి. ఆమె కుమారుడు ఆటిజముతో బాధపడెను; అందుచే అట్టివారి సేవకు ఆమె తన ధనమును విరివిగా వెచ్చించెను. 2025లో ఆమె తనువు చాలించెను.

పరులు కాపాడిన ప్రాణము పరులకు ఉపకరింపవలెనని ఆమె నమ్మెను. బాలబాలికలారా! మూలధనము ఆరు పౌనులే. కాని దానివెంట పట్టుదలయు, సాటివారియందు విశ్వాసమును ఉండెను.