దొరువు నీరు – దూరదేశపు చదువు

బాపట్ల నుంచి సూర్యలంక సముద్రతీరానికి పోయే దారిలో, ఇసుక నేలల మధ్య నీటి గుంటలు కనిపిస్తాయి. ఇవి పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా గరాటు ఆకారంలో ఉంటాయి. వీటిని దొరువులు అంటారు. తరతరాలుగా రైతులు ఈ దొరువులలోకి దిగి, కుండలతో నీళ్ళు ముంచి తెచ్చి నారుమడులకూ కూరగాయల మళ్ళకూ పోసుకునేవారు.

ఇందులో ఒక వింత ఉంది. సముద్రం దగ్గరలోనే ఉంది. సముద్రపు నీటిని నోట పెట్టుకోలేం. కాని దొరువులో నీరు మంచినీరు! పోనీ, ఇంకా ఎక్కువ మంచినీరు దొరుకుతుందని అక్కడే లోతుగా గొట్టపు బావి దింపితే ఏమవుతుంది? ఉప్పునీరు వస్తుంది. పైన మంచినీరు, కింద ఉప్పునీరు! ఎందుకిలా?

ఈ ప్రశ్నకు జవాబు వెదుకుదాం. ఆ జవాబు వెంట నడిస్తే మరో విషయం కూడా తెలుస్తుంది. యూరప్ విశ్వవిద్యాలయాలలో “సహజ వనరుల సుస్థిర నిర్వహణ” అనే చదువును ఎం.ఎస్సీ. స్థాయిలో బోధిస్తున్నారు. పెద్దయ్యాక విదేశాలలో చదవాలని మీలో చాలామంది అంటుంటారు. “ఏం చదువుతావు? ఎందుకు చదువుతావు?” అని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. ఆ చదువులో ఏముంటుందో దొరువు గట్టున నిలబడే తెలుసుకోవచ్చు.

ముందు ఒక ప్రయోగం

ఒక గాజు గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, మూడు చెంచాల ఉప్పు వేసి బాగా కరిగించండి. మరో గ్లాసులో మామూలు మంచినీళ్ళు తీసుకుని, రంగు కోసం కొన్ని చుక్కల బీట్‌రూట్ రసం కలపండి. ఇప్పుడు ఒక చెంచాను బోర్లించి, ఉప్పునీటి ఉపరితలానికి తాకేలా పట్టుకోండి. దాని వీపు మీదుగా రంగునీటిని మెల్లగా, సన్నని ధారగా పోయండి. తొందరపడితే ప్రయోగం చెడుతుంది.

ఏం జరిగింది? రంగునీరు పైన తేలి నిలిచింది. ఉప్పునీరు కిందనే ఉండిపోయింది. ఇప్పుడు డ్రాపర్ మొనను పై పొరలో ఉంచి నీరు తీయండి. రంగునీరు వస్తుంది. మొనను లోతుకు దించి తీయండి. ఉప్పునీరు వస్తుంది. దొరువుకూ గొట్టపు బావికీ ఉన్న తేడా ఇదే.

కారణం సాంద్రత. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. వానకాలంలో ఇసుకలోకి ఇంకిన నీరు, కింద ఉన్న బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా కటకం ఆకారంలో ఉంటుంది కనుక దీనిని “మంచినీటి కటకం” అంటారు.

1కి 40

మంచుగడ్డ నీటిలో తేలేటప్పుడు కొద్ది భాగమే పైకి కనిపిస్తుంది, ఎక్కువ భాగం నీటిలో మునిగి ఉంటుంది. మంచినీటి కటకం కూడా అంతే. భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా 1 మీటరు ఎత్తున ఉందనుకోండి. అప్పుడు సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుంది.

ఈ 40 ఎలా వచ్చింది? మీరే గుణించి చూడండి. పైన 1 మీటరు, కింద 40 మీటర్లు కలిపి మంచినీటి స్తంభం ఎత్తు 41 మీటర్లు. 41 × 1.000 = 41. పక్కనే ఉన్న సముద్రపు నీటి స్తంభం ఎత్తు 40 మీటర్లు. 40 × 1.025 = 41. రెండు వైపులా పీడనం సమానం! తక్కెడ రెండు పళ్ళేలూ సరిగ్గా నిలిచాయన్నమాట.

దీనిని గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. బాడన్ గైబెన్ నెదర్లాండ్స్ దేశపు సైనిక ఇంజనీరు. 1888లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రాంతపు భూగర్భజలాన్ని పరిశీలిస్తూ ఈ సంగతి గుర్తించాడు. ఆయన మాట తెలియకుండానే జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లో ఇదే లెక్కను ప్రకటించాడు.

ఇది ఆదర్శ పరిస్థితికి వేసిన లెక్క. నిజానికి మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు. రెండూ కలిసిన పొర ఒకటి ఉంటుంది. మధ్యలో బంకమట్టి పొరలున్నా లెక్క మారుతుంది. అయినా ఈ సూత్రం ఒక పెద్ద హెచ్చరిక చేస్తున్నది. మంచినీటి మట్టం 1 మీటరు తగ్గి అలాగే ఉండిపోతే, కింద ఉప్పునీటి హద్దు కాలక్రమంలో 40 మీటర్ల దాకా పైకి రాగలదు. పైన మనం చూసే నష్టం గోరంత, కింద జరిగే నష్టం కొండంత!

మోటారు వచ్చాక

కుండతో తోడినంత కాలం కటకానికి ప్రమాదం లేకపోయింది. మనిషి ఎన్ని కుండలు మోయగలడు? విద్యుత్ మోటారు వచ్చాక సంగతి మారింది. ఒకే చోట నుంచి వేగంగా నీటిని లాగితే, ఆ చోటికి నేరుగా కింద ఉన్న ఉప్పునీరు శంకువు ఆకారంలో పైకి ఉబుకుతుంది. అది గొట్టం మూతికి అందితే ఆ బావి చెడినట్టే. ఉప్పు సోకిన ఇసుక మళ్ళీ మంచినీటితో కడుగుకోవడానికి ఎన్నో వానకాలాలు పట్టవచ్చు.

బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. లోతుకు దింపే గొట్టానికి బదులు, నీటిమట్టానికి కొద్ది దిగువన చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచారు. ఇసుక దూరకుండా వాటికి జల్లెడ గుడ్డ చుట్టారు. అవన్నీ ఒక బావిలో కలుస్తాయి. మోటారు ఆ బావిలో నుంచి తోడుతుంది. నీరు ఒకే చోట నుంచి కాక గొట్టాల పొడవునా కొద్దికొద్దిగా వచ్చి చేరుతుంది కనుక ఉప్పునీరు పైకి ఉబకదు. పాల మీద మీగడను తీసినట్టు పై పొరను మాత్రమే తీస్తారన్నమాట. దీనినే “మెరుగుపరచిన దొరువు” అంటారు. తాతల నాటి ఆలోచనకు సాంద్రత సూత్రం తోడైంది.

అయితే ఒక చిక్కు మిగిలే ఉంది. మీగడ తీయడం నేర్చుకున్నా, పాలు ఉన్నంతవరకే కదా! వాన ఇచ్చిన దానికన్నా ఎక్కువ తోడితే ఏ గొట్టమూ కాపాడలేదు. పైగా ఒక పొలంలో వేరుశనగ, పక్క పొలంలో రొయ్యల చెరువు. ఒకరికి మంచినీరు కావాలి, మరొకరికి ఉప్పునీరు కావాలి. అడుగున ఇసుక మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఎవరు ఎంత తోడాలి? ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్నలకు భౌతికశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు.

ఇదే ఆ చదువు

ఇక్కడే మనం అనుకున్న చదువు మొదలవుతుంది. “సుస్థిరం” అనే ఆలోచనకు యూరప్‌లో పాత చరిత్ర ఉంది. జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో కార్లోవిట్జ్ అనే గనుల అధికారి ఉండేవాడు. ఖనిజాన్ని కరిగించడానికి కట్టెలు కావాలి. అడవులు తరిగిపోతున్నాయి. అడవి తిరిగి పెరిగే మేరకే కలప కొట్టాలని ఆయన 1713లో ఒక గ్రంథం రాశాడు. అడవికి ఆయన చెప్పిన నియమమే దొరువుకూ వర్తిస్తుంది.

నెదర్లాండ్స్ అనుభవం మనకు మరీ దగ్గరది. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి 1853 నుంచి సముద్రతీరపు ఇసుక దిబ్బల మంచినీరు సరఫరా అయ్యేది. జనం పెరిగారు, తోడకం పెరిగింది, కింద నుంచి ఉప్పునీరు పైకి రాసాగింది. చివరకు 1957 నుంచి రైన్ నది నీటిని శుద్ధి చేసి తెచ్చి ఇసుక దిబ్బలలో ఇంకించడం మొదలుపెట్టారు. అదే 1957లో డెల్ఫ్ట్ నగరంలో, ఇతర దేశాల ఇంజనీర్లకు నీటి నిర్వహణ నేర్పే విద్యాసంస్థ వెలసింది. అదే ఏడాది మన కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ పూర్తయింది!

ఈ రంగంలో ఎం.ఎస్సీ. చేసేవారు ఏం చదువుతారు? నీరు, నేల, అడవి ఎలా పనిచేస్తాయో చదువుతారు. వాటిని కొలవడం, పటాలు గీయడం, లెక్కకట్టడం నేర్చుకుంటారు. దానితోపాటు అర్థశాస్త్రం, చట్టం, ప్రజలు కలిసి నియమాలు పెట్టుకునే పద్ధతులు కూడా చదువుతారు. దొరువు దగ్గర మనకు ఎదురైన రెండు రకాల ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి, చూశారా?

మరో రెండు ఉదాహరణలు మన దగ్గరే చూద్దాం.

తెనాలికి వెళ్ళండి. ఊరి నడుమ కాలువలు పారుతుంటాయి. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కృష్ణ నీరు ఈ పడమటి డెల్టాకు కాలువల ద్వారా వస్తున్నది. తెనాలి రైతుకు నీరు ముందు అందుతుంది. కాలువ చివర ఉన్న రైతుకు ఆఖరున అందుతుంది. ఎగువన కొంచెం ఎక్కువ పారించుకుంటే చివరి పొలం ఎండుతుంది. ఇది పంపకం సమస్య.

తెనాలి నుంచి చిన్న రైలు మార్గం రేపల్లె వరకు పోతుంది. అక్కడి నుంచి నిజాంపట్నం వైపు వెళితే మడ అడవులు కనిపిస్తాయి. వీటి శ్వాస వేర్లు బురదలో నుంచి మేకుల్లా పైకి పొడుచుకు వస్తాయి. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుంది. కాని పల్లపు చోట ఆటుపోటు నీరు నిలిచి ఆవిరైపోతూ ఉంటే ఉప్పు మితిమీరి, ఆ చెట్టు కూడా బతకదు. కృష్ణ, గోదావరి డెల్టాలలో 1990ల నుంచి ఇలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోటు నీరు వచ్చిపోయేలా చేసి మడ మొక్కలు నాటారు. ఈ పనిలో తీరగ్రామాల వారిని భాగస్వాములను చేశారు. ఊరివారు కాపాడకపోతే నాటిన మొక్క నిలవదు కదా!

అక్కడికి చేరే దారి

మరి ఈ చదువుకు దారి ఎలా? మొదట ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవాలి. తరువాత వ్యవసాయం, అటవీశాస్త్రం, భూగర్భశాస్త్రం, పర్యావరణశాస్త్రం, సివిల్ లేదా వ్యవసాయ ఇంజనీరింగు వంటి వాటిలో డిగ్రీ చేయాలి. మనకు దగ్గరలోనే బాపట్లలో 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల కూడా అక్కడే ఉంది. నాలుగేళ్ళ డిగ్రీ అయితే మేలు. మూడేళ్ళ డిగ్రీ చాలదనే విశ్వవిద్యాలయాలు యూరప్‌లో కొన్ని ఉన్నాయి.

అక్కడ ఎం.ఎస్సీ. ఎక్కువగా రెండేళ్ళు. చదువును క్రెడిట్లలో కొలుస్తారు. ఏడాదికి 60, రెండేళ్ళకు 120. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని ఉంటుంది. చివరి నెలలలో ఒక సమస్యను ఎన్నుకుని, స్వయంగా కొలిచి పరిశోధన వ్యాసం రాయాలి. నెదర్లాండ్స్‌లో వాగనింగెన్, డెల్ఫ్ట్, ఆస్ట్రియాలో వియన్నా, జర్మనీలో డ్రెస్డెన్ ఈ రంగానికి పేరుపొందిన చోట్లు. ఇంగ్లీషులో బోధించే కోర్సులు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు పరీక్షలో నిర్ణీత మార్కులు రావాలి.

ఖర్చు మాటేమిటి? చిన్న రైతు కుటుంబం భరించగలిగేది కాదు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధన రుసుము వసూలు చేయవు. కాని తిండికీ బసకూ సొమ్ము చూపించాలి. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ పథకం కింద కొందరికి రుసుముతో పాటు జీవన వ్యయం కూడా ఇస్తారు. అందులో విద్యార్థి ఒకటి కన్నా ఎక్కువ దేశాలలో చదువుతాడు. పోటీ మాత్రం ఎక్కువ. అప్పు చేసి, ఆస్తి తాకట్టు పెట్టి తొందరపడి వెళ్ళేవారిని చూస్తున్నాం. ఏ కోర్సో, ఎందుకో తెలియకుండా విమానం ఎక్కడం, లోతు తెలియకుండా గొట్టపు బావి దింపడం వంటిదే.

దరఖాస్తుతో పాటు “ఈ చదువు నాకెందుకు?” అని ఒక ఉత్తరం రాయాలి. దానిని ఎవరి దగ్గరో చూసి రాస్తే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. తమ ఊరి బావిని ఏళ్ళ తరబడి కొలిచిన విద్యార్థికి ఆ ఉత్తరం రాయడం కష్టం కాదు.

మీరూ కొలవండి

పెద్దవారిని వెంటబెట్టుకుని మీ ఊరి బావి దగ్గరకు వెళ్ళండి. బావిలోకి వంగవద్దు. తాడుకు చిన్న బరువు కట్టి దింపి, గట్టు నుంచి నీటిమట్టం ఎంత లోతున ఉందో కొలవండి. ప్రతి ఆదివారం అదే చోట నుంచి, అదే విధంగా కొలిచి, తేదీ వేసి రాయండి. నిలువు గోడలున్న డబ్బాను ఆరుబయట ఉంచి వానను మిల్లీమీటర్లలో కొలవండి. ఏడాది తరువాత రెండింటినీ ఒకే గ్రాఫు కాగితం మీద గీయండి. వాన పడిన ఎన్నాళ్ళకు మట్టం పెరిగింది? ఏ నెలలో ఎక్కువ పడిపోయింది? ఆ నెలలో చుట్టుపక్కల ఎన్ని మోటార్లు ఆడాయి?

ఇంకొక లెక్క. మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా అర మీటరు ఎత్తున ఉంటే, సూత్రం ప్రకారం సముద్రమట్టానికి దిగువన మంచినీరు ఎంత లోతు ఉంటుంది? ఆ మట్టం 20 సెంటీమీటర్లకు తగ్గిపోతే ఎంత మిగులుతుంది?

జవాబులు 20 మీటర్లు, 8 మీటర్లు. పైన తగ్గింది ఒక జానెడు పైచిలుకు, కింద పోయింది 12 మీటర్ల మంచినీరు. కన్ను చూడలేని ఈ నష్టాన్ని లెక్క చూడగలదు. ఆ లెక్క నేర్చుకోవడానికి మీరు డెల్ఫ్ట్ దాకా వెళ్ళినా సంతోషమే. ఇక్కడి దొరువులో ఇంకా మంచినీరు ఉండగానే ఆ లెక్కతో తిరిగివస్తే మరీ సంతోషం.