తక్కువ తిరిగింది సరే, కందెన పడిందా?

మొన్నామధ్య రెడింగ్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఒక ఎంజీబీ అమ్మకానికి ఉంది. ఓపెన్ టాప్, 1977 మోడల్. తిరిగింది 18 వేల మైళ్లే. ఎప్పుడూ గ్యారేజీలోనే ఉందట, మీద వాన చుక్క పడలేదట. అడ్వాన్స్ పంపెయ్యనా?"

"కారు చూశావా, ఫొటోలు చూశావా?" అన్నాను. ఫొటోలేనట.

నేను గుంటూరు మెడికల్ కాలేజీ పట్టా పట్టుకుని 1978లో బ్రిటన్ వచ్చాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా చేసి, మాల్వర్న్ కొండల పక్కన రిటైరయ్యాను. మోర్గన్ కార్ల ఫ్యాక్టరీ ఈ కొండ కిందే ఉంది. 1989లో అక్కడ తయారైన 4/4 ఒకటి 1996 నుంచి మా ఇంట్లో ఉంది. ఆ కారులో సీటు నేలకి జానెడెత్తున ఉన్నట్టుంటుంది. కూర్చోవడం ఎలాగో కూర్చుంటున్నాను గానీ, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అందుకని ఈ వేసవిలో అమ్మకానికి పెట్టాను. కొనేవాడిగా ఒకసారి మోసపోయి, ఇప్పుడు అమ్మేవాడిగా ప్రకటన రాసుకుంటున్నవాణ్ణి. ఆ రోజు వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

1. మీటరులో అంకె కాదు, అది పెరిగిన తీరు చూడు

పాత బ్రిటిష్ కార్ల మీటర్లలో మైళ్లకి ఐదంకెలే ఉంటాయి. లక్ష దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. కాబట్టి 18 వేలంటే 18 వేలే కావచ్చు, లక్షా 18 వేలూ కావచ్చు. ఇక్కడ ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్షలో మీటరు అంకె రాసుకుంటారు. కారు నంబరు కొడితే 2005 నుంచి ఉన్న ఆ లెక్క ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. నలభై ఏళ్లు దాటిన కార్లకి 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అందుకే చాలా పాత కార్ల లెక్క ఆ దరిదాపుల్లోనే ఆగిపోయి ఉంటుంది.

మావాడు ఫోన్ పక్కన పెట్టి చూశాడు. 2006 నుంచి 2017 దాకా, పదకొండేళ్లలో ఆ కారు నడిచింది 44 మైళ్లు. ఏడాదికి నాలుగు మైళ్లు. అంటే పరీక్షకి వెళ్లి రావడం, అంతే. "ఇంకేం మావయ్యా, కొత్తదానిలాగే ఉంటుంది కదా!" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్ మనిషి, వాడని వస్తువు చెడదనే అనుకుంటాడు.

2. నిలబడిపోయిన కారు నడిచిన కారు కన్నా త్వరగా పాడవుతుంది

ఇది నాకు 1986లో తెలిసింది. అది నా మొదటి ఓపెన్ టాప్ కారు, ఏ కంపెనీదో చెప్పను. 11 వేల మైళ్లు తిరిగింది. ఒక పెద్దాయన దుప్పటి కప్పి దాచుకున్నాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అమ్మారు. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపించేంత మెరుపు. ఆ మెరుపులో నా మొహం చూసుకునే కొన్నాను. మూడో రోజు ఒక రౌండబౌట్ దగ్గర బ్రేకు తొక్కాను. నేను కాలు తీసినా బ్రేకు చక్రాన్ని వదల్లేదు. పొగ. వెనక బస్సు హారన్. మా ఆవిడ దిగి ఫుట్‌పాత్ మీద నిలబడి, ఆ కారుతో తనకేమీ సంబంధం లేనట్టు అటు తిరిగింది.

జరిగిందేమిటంటే, బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఎవరూ రెండేళ్లకోసారి మార్చకపోతే ఆ తేమ సిలిండర్ల లోపల తుప్పు పట్టిస్తుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది. క్లచ్ ప్లేటు కూడా అంతే, నెలల తరబడి కదలకపోతే ఫ్లైవీలుకి అతుక్కుంటుంది. రబ్బరు సీళ్లు తడి లేక ఎండి పగులుతాయి. కారుతాయని తెలిసేది మళ్లీ తిప్పడం మొదలుపెట్టాకే. ఐసీయూలో మూడు వారాలు కదలకుండా పడుకున్న మనిషి తొడ కండ ఎలా కరిగిపోతుందో రోజూ చూసే నాకు, ఈ మాత్రం సంగతి కారు దగ్గర తట్టకపోవడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కారు కొన్న ధరలో ఇంకో సగం దాన్ని కదిలేలా చెయ్యడానికి పెట్టాను.

3. అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యడం సేవ కాదు

"నెలకోసారి ఇంజిన్ ఆన్ చేసి పెడతామండీ" అని అమ్మేవాళ్లు గర్వంగా చెబుతారు. చల్లటి ఇంజిన్ కాసేపు తిరిగితే లోపల నీటి ఆవిరి పుడుతుంది, అది పోయేంత వేడి మాత్రం రాదు. ఆ నీరు ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ ఉండిపోతుంది. ఇరవై మైళ్లు తిప్పు, లేకపోతే అసలు ముట్టుకోకు.

4. ఎందుకు తక్కువ తిరిగిందో అడుగు

మోర్గన్ కార్ల విషయంలో దీనికి ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఆర్డరిచ్చి కారు కోసం ఏళ్లతరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 1990లో బీబీసీ 'ట్రబుల్‌షూటర్' కార్యక్రమంలో సర్ జాన్ హార్వీ-జోన్స్, ఐసీఐ మాజీ చైర్మన్, ఈ ఫ్యాక్టరీకి వచ్చి పద్ధతులు మార్చండి, ఉత్పత్తి పెంచండి అని గట్టిగానే చెప్పాడు. వీళ్లు మర్యాదగా విని చాలావరకు తమ పద్ధతిలోనే పోయారు. ఆ కార్యక్రమం చూశాక క్యూలో చేరినవాళ్లూ ఉన్నారని ఇక్కడ నవ్వుతూ చెప్పుకుంటారు. అన్నేళ్లు నిరీక్షించి కారు తెచ్చుకున్నవాళ్లలో కొందరు దాన్ని కాసులపేరులా బీరువాలో పెట్టారు. ధర పెరుగుతుంది, తర్వాత అమ్ముకోవచ్చు అని. నగ అయితే బీరువాలో తుప్పు పట్టదు.

ఇంకొందరి కారణాలు వేరు. నడుం నొప్పి, విడాకులు, కళ్లకి శుక్లాలు. ఇంటాయన రెండేళ్లు ఆగి మూడో ఏడు మళ్లీ తిప్పాడా, లేక చివరిదాకా ముట్టుకోలేదా అన్నది ముఖ్యం. మొహమాటపడకుండా అడగాలి. మనవాళ్లు పెళ్లిసంబంధం దగ్గర అడిగేవన్నీ అడుగుతారు, కారు దగ్గరకొచ్చేసరికి రంగు చూసి తృప్తిపడతారు.

5. చెక్క సంగతి

ఈ పాఠం కొంచెం పొడవు. మోర్గన్ చట్రం చెక్కదని చాలామంది అనుకుంటారు. కాదు, చట్రం ఉక్కుదే. 1936లో 4/4తో మొదలైన ఆ పాత ఉక్కు చట్రం పద్ధతి 2020 దాకా సాగింది. ఇప్పుడు దాని బదులు అల్యూమినియం వచ్చింది. చెక్క ఉండేది చట్రం మీద, బాడీ లోపల, మనిషికి ఎముకల గూడులా. దానిమీద రేకు తొడుగుతారు. అది యాష్ అనే చెట్టు చెక్క, ఇక్కడ క్రికెట్ వికెట్లు చేసేది దాంతోనే. వంగుతుంది గానీ విరగదు.

ఫ్యాక్టరీ లోపలికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కార్లు గుర్తురాలేదు, మా ఊరి వడ్రంగి సాల గుర్తొచ్చింది. ఆ స్థలం ఏటవాలుగా ఉంటుంది, సగం తయారైన కారుని ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మనుషులు చేత్తో తోసుకుపోతారు. చిత్రిక పట్టిన వాసన. మా నాయన తుమ్మచెక్క బండి చక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగించి, చుయ్యిమని నీళ్లు పోయించడం నేను చిన్నప్పుడు గట్టుమీద కూర్చుని చూసేవాణ్ణి. చెక్కా ఇనుమూ కలిసి బతకాలంటే మధ్యలో నీళ్లు నిలవకూడదని అప్పుడే విన్నాను. విని కూడా, ఈ కారు కొన్న మొదటి చలికాలం, బాగా చూసుకోవాలన్న ఆత్రంలో ప్లాస్టిక్ పట్టా కప్పేశాను. వసంతంలో తీసేసరికి లోపలంతా చెమట పట్టి ఉంది. రెండేళ్లకి ఎడమవైపు తలుపు స్తంభం అడుగున మెత్తబడింది. ఒక ముసలి వడ్రంగి కొత్త ముక్క అతికించి ఇచ్చాడు, ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అందుచేత చెక్క కారు చూసేటప్పుడు తలుపు తెరిచి, దాని చివర పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. బందు దగ్గర ఊగితే లోపలి స్తంభం పోయినట్టే. వేసేటప్పుడు తలుపు కొంచెం ఎత్తి వెయ్యాల్సి వచ్చినా అదే సంగతి. తివాచీ ఎత్తి వాసన చూడాలి. నలుగురిలో ముక్కు నేలకి ఆనించడానికి సిగ్గుపడితే నష్టం మనకే.

ముందు చక్రాల సస్పెన్షన్ ఆ ఉక్కు చట్రం కన్నా పాతది. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ తన మొదటి మూడు చక్రాల బండికి, 1910 ప్రాంతంలో, పెట్టిన ఏర్పాటే నా కారుకీ ఉంది. చక్రం ఒక నిలువు కడ్డీ మీద పైకీ కిందకీ జారుతుంది. ఆ కడ్డీకి వెయ్యి మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి. అంత తిరగకపోయినా ఏడాదికోసారి కొట్టాలి. లేదంటే అరుగుదల మొదలై స్టీరింగ్ వణుకుతుంది. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మనకో సామెత ఉంది, ఇంగ్లీషువాళ్లకి దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీలేదు. జాకీ ఎత్తి, చక్రం పైభాగం పట్టుకుని ఊపి చూస్తే ఆ సంగీతం చేతికే తెలుస్తుంది.

6. ఇనుము సంగతి

ఎంజీబీకి చెక్క లేదు, విడిగా చట్రమూ లేదు. బాడీయే చట్రం. తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెల్లాంటి సిల్స్ బలంగా ఉంటేనే టాప్ లేని ఆ కారు నిలుస్తుంది. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన రంగు వేసి, పుట్టీ కూరి అమ్మడం కొత్త విద్య కాదు. జేబులో మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టుకుపో, పుట్టీకి అంటుకోదు. తలుపుకీ రెక్కకీ మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే నడుం వంగిందన్నమాట. ఒక ఊరట ఏమిటంటే, అబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడ్డా, ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. 1988 నుంచి కొత్త బాడీలే దొరుకుతున్నాయి.

7. టైరు మీద పుట్టినరోజు ఉంటుంది

పక్కన నాలుగంకెలు. 2309 అంటే 2009లో 23వ వారం. గాడి లోతుగా ఉన్నా పదిహేనేళ్ల రబ్బరు రాయితో సమానం. అరగని పాత టైర్లు చూసి మురిసిపోకు.

8. పెట్రోలు

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్లో పదిశాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాల్ని అది తినేస్తుంది, నీటిని లాక్కుంటుంది. ఖరీదెక్కువైనా ఈ5 అని రాసి ఉన్న సూపర్ పెట్రోలే పొయ్యాలి. గొట్టాలు మార్చారా లేదా అడగాలి. దీనికింతకన్నా వేదాంతం లేదు.

9. కాగితాలు, మాటలు

వీ5సీ అనే లాగ్‌బుక్కులో పేరుంటే కారు ఆయనదే అని మనవాళ్లు అనుకుంటారు. ఆ కాగితం మీదే రాసి ఉంటుంది, ఇది యాజమాన్యానికి రుజువు కాదని. అప్పు ఏమన్నా ఉందా విచారించాలి. వ్యాపారి దగ్గర కొంటే చట్టం కొంత మన వెనక ఉంటుంది. ఇంటి ముందు నిలబెట్టి అమ్మే మనిషి దగ్గర కొంటే, ఆయన అబద్ధం చెబితే తప్ప, చూసుకోవాల్సింది మనమే. రశీదులు దొంతరగా పెట్టినవాడి దగ్గర కూర్చో, టీ తాగు, ఒక్కొక్కటీ చదువు. 'వెల కట్టలేనిది' అని ప్రకటనలో రాసినవాడు ఆ పక్కనే వెల రాస్తాడు, అది చదువు.

నా కారు మీటరు 31,400 దగ్గర ఉంది. నేను కొన్నప్పుడు 7,900. ప్రకటనలో 'తక్కువ తిరిగింది' అని రాయడానికి చెయ్యి ఆడలేదు, రాయకపోతే ఎవరూ ఫోన్ చెయ్యరని రాశాను. నిజంగా చూపించుకోవాలనుకున్నది వేరే ఉంది. 1996 నుంచి దీనికి చేసిన ప్రతి పనీ నల్ల అట్ట నోట్‌బుక్కులో రాసుకున్నాను. తెలుగులో. ఆసుపత్రిలో రోజంతా ఇంగ్లీషు రాసి వచ్చినవాడికి ఇదొక్కటే తెలుగు రాసుకునే వీలు.

మొన్న శనివారం లెడ్బరీ నుంచి ఒకాయన చూడ్డానికి వచ్చాడు. తలుపు ఎత్తి చూశాడు, తివాచీ వాసన చూశాడు, నాకు నచ్చాడు. తలుపు స్తంభం అతికించిన సంగతి అడక్కముందే చెప్పాను. తర్వాత నోట్‌బుక్కు పేజీలు తిప్పి, ఒకటే మాట ప్రతి పేజీలోనూ ఉంది, ఏమిటది అని వేలు పెట్టి అడిగాడు. కందెన అని చెప్పి, అర్థం చెప్పాను. లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫై నాలుగు. ఇదంతా ఇంగ్లీషులో రాసిస్తే వచ్చే వారం డబ్బు తెస్తానన్నాడు.

రెండు రోజులుగా భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాం. మా ఆవిడ చదువుతుంది, నేను ఇంగ్లీషు చేస్తాను. 2003 ఆగస్టు దగ్గర ఆగింది. అక్కడ ఇలా ఉంది: 'టెన్‌బరీ దారిలో వాన. హుడ్డు బిగించడం చాతకాలేదు. కందెన వేశాను. ఆవిడ బుధవారం దాకా మాట్లాడలేదు.'

"ఇది కూడా రాస్తారా?" అంది.

కందెన వేసిన సంగతి అందులోనే ఉంది కదా, అన్నాను.