గురి చూసే చేతికి హేమంత చర్య
(షూటింగ్ అభ్యసించే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు సెలవుల పాఠం)

మార్గశిర, పుష్య మాసాలను మన శాస్త్రం హేమంత ఋతువు అన్నది. క్రిస్మస్ సెలవులు మొదలుకొని సంక్రాంతి సెలవుల వరకు నడిచేది దాదాపుగా ఈ ఋతువే. ఆరు ఋతువులలోను మనిషికి దేహబలం, జఠరాగ్ని అధికంగా ఉండే కాలం హేమంతమని చరకుడు, వాగ్భటుడు ఏకకంఠంగా చెప్పారు. బయటి చలి వలన దేహంలోని ఉష్ణం లోపలనే నిలిచి అగ్నిని ప్రజ్వలింపజేయును. కష్టం చేయడానికి, చేసిన కష్టాన్ని ధాతుపుష్టిగా మార్చుకోవడానికి ఇంతకంటె అనువైన కాలం లేదు. అయితే మన పిల్లలు పొద్దెక్కిన తరువాత లేచి, అర్ధరాత్రి దాకా ఫోను చూసి, అరిసెలు, సకినాలతో రోజు గడిపేది కూడా ఈ కాలంలోనే.

ఇతర పిల్లల మాట ఎట్లున్నా, షూటింగ్ క్రీడ నేర్చుకొనే పిల్లలకు ఈ అలసత్వం వెంటనే నష్టం చేయును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం పొందినాడు. ఈ నగరపు బాలిక ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల ప్రాయంలోనే జాతీయ విజేతయై, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకాలు తెచ్చినది. వినికిడి లోపమున్న ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినాడు. ఇటువంటి పేర్లు విని మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల తల్లిదండ్రులలో కొందరు తమ పిల్లలకు ఈ విద్య నేర్పిస్తున్నారు. గచ్చిబౌలిలోని రేంజి మనకు నగరం ఆ కొసన ఉన్నది. సెలవులలో అంత దూరం పోవడం మానుకొంటే అభ్యాసం పూర్తిగా ఆగిపోయినట్లేనని వారు భావిస్తున్నారు. అది సరికాదు. తుపాకీ చేత పట్టకుండానే గురికి కావలసిన పనిలో చాలా భాగం ఇంటి వద్ద చేయవచ్చును. ఆ విధానమే ఈ పాఠం.

గురిలో దేహం పాత్ర

షూటింగ్ కేవలం కంటి విద్య అని చాలామంది అనుకొంటారు. నిజానికి అది కదలక నిలిచే విద్య. 10 మీటర్ల పోటీలో 75 నిమిషాలలో 60 గుండ్లు పేల్చవలెను. పిస్టల్ బరువు సుమారు ఒక కిలో. దానిని చాచిన ఒంటి చేతితో అరవై మార్లకు పైగా ఎత్తి దించవలెను. రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండవచ్చును.

తప్పు ఎంత సూక్ష్మమో చూడండి. ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య 35 సెంటీమీటర్ల దూరమున్న పిస్టల్‌లో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే, 10 మీటర్ల అవతల ఆ తప్పు 28 మిల్లీమీటర్లకు పైగా అగును. పిస్టల్ లక్ష్యంలో పది అంకె వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. పది రావలసిన చోట ఏడు వచ్చును. రైఫిల్ లక్ష్యంలో పది అంకె చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అది గసగసాల గింజ కంటె చిన్నది.

ఈ స్థిరత్వాన్ని చెడగొట్టేది వాతం. దేహ చలనాలను నడిపేది వ్యాన వాయువు. శ్వాసను, మనస్సును నిలిపేది ప్రాణ వాయువు. రాత్రి జాగరణ, వేళ తప్పిన భోజనం, శీతల వాయువు, శక్తికి మించిన శ్రమ వాతాన్ని ప్రకోపింపజేసి కంపాన్ని కలిగించును. నిద్ర చాలనప్పుడు, కండరాలు అలసినప్పుడు, కాఫీ టీలు ఎక్కువైనప్పుడు చేతివణుకు పెరుగునని ఆధునిక వైద్యులు కూడా చెప్పుచున్నారు. సెలవులలో పిల్లల దినచర్య ఏ విధంగా ఉన్నదో ఈ జాబితాతో పోల్చి చూసుకొనవలెను.

అర్ధశక్తి అనగా నేమి?

బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు హేమంత, శిశిర, వసంత ఋతువులలో తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవలెనని, ఇతర ఋతువులలో అంతకంటె తగ్గించవలెనని శాస్త్రనియమం. బలం అధికంగా ఉన్న కాలానికే సగం అని హద్దు పెట్టిరనుట గమనించవలెను. సగమని తెలిసేదెట్లు? నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పుట్టుట, నోరు ఎండుట, ముక్కుతో చాలక నోటితో శ్వాస తీయవలసి వచ్చుట దాని గుర్తులు. అక్కడ ఆపవలెను. హద్దు మీరితే దప్పిక, దగ్గు, ఆయాసం, జ్వరం, ధాతుక్షయం కలుగును.

నా వద్దకు వచ్చే పిల్లలలో రెండు విధాల వారిని చూస్తున్నాను. సెలవులంతా ఏమీ చేయక, రేంజి తెరిచిన నాడు ఒకే పూటలో నూరు గుండ్లు పేల్చి భుజం పట్టుకొని వచ్చేవారు మొదటి విధం. సెలవులున్నవి గదా అని రోజుకు మూడు గంటలు అదే చేతిని, అదే భంగిమను అరగదీసి నడుము నొప్పితో వచ్చేవారు రెండవ విధం. ఇరువురికీ మందు ఒక్కటే. మితంగా, ప్రతిదినం, మార్చి మార్చి చేయుట.

వ్యాయామంలో వైవిధ్యం ఎందుకు?

రైఫిల్ పట్టినప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగి, వెన్ను వెనుకకు వాలి, మెడ తిరిగి ఉండును. పిస్టల్ పట్టినవారికి ఒక భుజమే పని చేయును. ఎదిగే వయస్సులో ఈ ఏకపక్ష శ్రమను సరిచేయకపోతే వెన్నెముకకు, భుజానికి హాని. అందువలన రెండవ పక్కకు సమానంగా పని చెప్పవలెను. వారానికి ఈ క్రమం పాటించవచ్చును.

సోమ, గురువారాలు: 6 నుండి 12 సూర్య నమస్కారాలు, భుజంగాసనం, శలభాసనం. మోచేతులు, కాలివేళ్లపై దేహాన్ని బల్లవలె నిలిపి 20 అంకెలు లెక్కించుట మూడు మార్లు.

మంగళ, శుక్రవారాలు: అరగంట వడి నడక లేదా మెల్లని పరుగు. గుండె బలపడిన కొలదీ విశ్రాంతిలో దాని కొట్టుకొనుట నెమ్మదించును. గురి చూసేవానికి ఇది గొప్ప లాభం.

బుధ, శనివారాలు: వృక్షాసనం రెండు కాళ్లపైనా. అలవాటైన పిదప గోడ పక్కన నిలిచి కన్నులు మూసి చేయవలెను. ఇరవై గుంజిళ్లు, కొద్దిసేపు తాడాట.

ఆదివారం: కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్, ఏదైనా ఆట. మనస్సు నవ్వుతూ చేసే శ్రమ ఇది.

గాలిపటాల పండుగ గనుక ఒక హెచ్చరిక. మాంజా దారం తెగ్గోసేది ముఖ్యంగా చూపుడు వేలినే. ట్రిగ్గర్ నొక్కేది కూడా ఆ వేలే. గాలిపటం ఎగురవేసే పిల్లవాడు వేలికి గుడ్డ గాని, టేపు గాని చుట్టుకొనవలెను. చైనా మాంజాను ఎవరూ ముట్టరాదు.

ఇంటిలో గురి అభ్యాసం

పిస్టల్ నేర్చేవారు అర లీటరు నీటి సీసాతో ప్రారంభించవచ్చును. ఖాళీ గోడకు ఎదురుగా నిలిచి, చేతిని చాచి భుజం ఎత్తుకు తెచ్చి, 8 అంకెలు నిలిపి, దించి, దాని రెట్టింపు విశ్రాంతి తీసుకొనవలెను. ఇట్లు 15 మార్లు. తరువాత రెండవ చేతితో 8 మార్లు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇంకా తేలికైన సీసా చాలును. భుజంలో నొప్పి తోచిన వెంటనే మానవలెను.

శ్వాస విషయం. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, పది నిమిషాలు ప్రశాంతంగా చేయవలెను. సగం విడిచిన తరువాత సహజంగా వచ్చే చిన్న విరామంలోనే ట్రిగ్గర్ నొక్కుట అభ్యాసం. అది కొద్ది క్షణాలే. దానిని బలవంతంగా పొడిగిస్తే కన్ను మసకబారును, చేయి వణకును. పిల్లలచేత దీర్ఘ కుంభకం చేయించరాదు.

సొంత ఎయిర్ గన్ ఉన్నవారు గుండు లేకుండా ట్రిగ్గర్ అభ్యాసం చేయదలచితే, ఆ తుపాకీకి అందుకు తగిన ఏర్పాటు ఉన్నదో లేదో కోచ్‌ను అడిగి తెలుసుకొనవలెను. స్ప్రింగు తుపాకులను ఖాళీగా పేల్చితే చెడిపోవును. పెల్లెట్ల డబ్బా ఆ గదిలో ఉండరాదు. పెద్దవారు పక్కన ఉండవలెను. పని ముగిసిన వెంటనే తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేయవలెను. సంక్రాంతికి మేడలన్నీ పిల్లలతో నిండి ఉండును. మేడపై గురి చూచుట, పక్షుల వైపు, గాలిపటాల వైపు, మనుష్యుల వైపు ఖాళీ తుపాకీని త్రిప్పుట సైతం నిషిద్ధం. కన్ను పోయిన తరువాత ఏ వైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

మన గాలి, మన వేళ

బ్రాహ్మీ ముహూర్తంలో లేవవలెనని నేను గురుకులంలో నేర్చుకొన్నాను. నేటికీ అదే చెబుతాను. అయితే లేచుట వేరు, రోడ్డుపై పరుగెత్తుట వేరు. చలికాలపు తెల్లవారుజామున నేలపై చల్లని గాలి కదలక నిలిచి, పొగను, దుమ్మును పైకి పోనీయదు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడల మధ్య, లారీలు తిరిగే దారులలో ఇది మరింత అధికం. వడిగా పరుగెత్తేవాడు ఆ గాలినే రెట్టింపుగా పీల్చును. కాబట్టి లేచిన తరువాత ఆసనాలు, శ్వాసాభ్యాసం ఇంటిలో చేసి, సూర్యుడు బాగా పైకి వచ్చిన తరువాత పరుగుకు బయలుదేరవలెను. జనవరిలో ఇక్కడ సూర్యోదయమే 6 గంటల 45 నిమిషాల తరువాత గనుక 8 గంటల వేళ మంచిది. పెద్ద రోడ్డు వదలి చెట్లున్న చోటు, వీలైతే ఉస్మానియా విశ్వవిద్యాలయం దారులు ఎంచుకొనవలెను. ఉబ్బసమున్న పిల్లలు మంచు పట్టిన రోజు ఇంటిలోనే వ్యాయామం చేయుట శ్రేయం.

అభ్యంగనం, ఆహారం, నిద్ర

వారానికి రెండు మార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో తల, భుజాలు, నడుము, పాదాలు మర్దించుకొని, అరగంట తరువాత సున్నిపిండితో వేడినీటి స్నానం చేయవలెను. భోగినాటి తలంటు ఈ ఋతుచర్యలోని భాగమే. జ్వరం, అజీర్ణం ఉన్న రోజు తలంటు కూడదు.

ఈ కాలపు అగ్నికి తగినంత ఆహారం ఇవ్వకపోతే అది ధాతువులనే దహించును. అందువలన పిల్లలను పస్తు పెట్టరాదు. నువ్వులద్దిన సజ్జరొట్టె, కందిపప్పు, నెయ్యి, పాలు, నువ్వుల ఉండ, ఉసిరి పచ్చడి హితం. అరిసె ఒకటి రెండు వ్యాయామం చేసిన రోజున జీర్ణమగును. డబ్బా పక్కన పెట్టుకొని తినుట కఫానికి, బరువుకు దారి. జలుబు తోచితే చిటికెడు శొంఠి, చెంచా ధనియాలు గ్లాసు నీటిలో వేసి సగమయ్యే దాకా మరిగించి, బెల్లంతో గోరువెచ్చగా త్రాగించవలెను. రాత్రి 10 గంటలకు ఫోను పక్కన పెట్టి పడుకొనవలెను. కన్నుల విశ్రాంతికి పగలు అప్పుడప్పుడు దూరపు చెట్టును చూచుట చాలును. ఇంటిలో తయారు చేసిన ఏ రసమూ కంటిలో వేయరాదు.

ఇంకొక ముఖ్య విషయం. ఎయిర్ గన్ పెల్లెట్లు ఎక్కువగా సీసంతో చేసినవి. సీసం పిల్లల మెదడుకు, రక్తానికి విషం. పెల్లెట్లు ముట్టిన చేతితో సకినం తినరాదు. వాటిని నోట పెట్టుకొనరాదు. అభ్యాసం ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొని, బట్టలు మార్చుకొనవలెను.

వణుకు తగ్గించే మందు ఉన్నదా?

తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పోటీకి ముందు చేయి వణకకుండా ఏదైనా మాత్ర ఇమ్మని కోరుతారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు షూటింగ్‌లో పోటీ రోజులలోనే గాక ఇతర రోజులలోనూ నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రోప్రనోలాల్ వాడినట్లు తేలి తన రెండు పతకాలనూ పోగొట్టుకొన్నాడు. మూలికలన్నీ నిర్దోషమని కూడా అనుకొనరాదు. సోమలతలోని ఎఫెడ్రిన్ పోటీలలో పరిమితి దాటితే దోషమే. పేరు, పాళ్లు తెలియని చూర్ణం, లేహ్యం, భస్మం ఆటగాడికి ఇవ్వవద్దు. వైద్యునికి బిడ్డ ఆడే ఆట ఏదో ముందుగా చెప్పవలెను. విశ్రాంతిలోనూ వణుకు మానకపోతే, బరువు తగ్గుట, గుండెదడ తోడైతే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించవలెను.

తిరిగి రేంజికి

సెలవుల తరువాత మొదటి రోజు అలవాటైన గుండ్లలో సగమే పేల్చవలెను. అరవై అలవాటున్నవారు ముప్పై, మూడవ అభ్యాసానికి నలభై అయిదు, ఆ పిదప అరవై. మొదటి వారం అంకెలు లెక్కించవద్దని పిల్లలకు చెప్పండి. గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడుతున్నవో మాత్రం చూడమనండి. దగ్గరగా పడితే చేయి నిలిచినదని అర్థం. మిగిలినది సైటు సవరణతో సరిపోవును.

హేమంతం ఇచ్చే బలం అందరికీ సమానమే. దానిని నిద్రలో పోగొట్టుకొనక, ఒకేసారి ఖర్చు చేయక, రోజుకొక కొలత చొప్పున దేహంలో నిలుపుకొన్న పిల్లవానికి వసంతంలో చేయి చెప్పినట్లు వినును.